పుష్పఫలచిత్రణము - తైలవర్ణములు

కూజాలోని పూలను, పళ్ళెరములోని పండ్లను మాత్రమే వస్తువుగాఁ గైకొని, వానిని కంటికిఁ గనఁబడునట్లే నూనెరంగులతో వ్రాయు పద్ధతి తెలుఁగునేలకు ఆధునికకాలమున వచ్చినది. దీనిని గూర్చి పరస్పరవిరుద్ధములగు రెండభిప్రాయములు వినఁబడుచుండును. యథార్థచిత్రణ మనునదియే పాశ్చాత్యుల సొత్తనియు, ఈ దేశపు చిత్రకారులకుఁ బోలిక పట్టుట తెలియదనియు నొకటి. ప్రాచీనశాస్త్రములలో సర్వమును గలదు గావున క్రొత్తగా వచ్చిన దేదియు లేదని రెండవది. ఈ రెండును సాక్ష్యములయెదుట నిలుచునవి కావు. ఇందుఁ బ్రాఁతది యెంత, క్రొత్తది యెంత యని విడఁదీసి చూచుట ప్రస్తుతాంశము.

ఈ విచారణకు గద్వాల, వనపర్తి, నాగరకర్నూలు ప్రాంతములు తగిన క్షేత్రములు. పూర్వము మహబూబునగరము జిల్లాలోఁ జేరియుండి, 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన వేఱుజిల్లాలుగా నేర్పడిన యీ సీమలలోఁ బూర్ణకుంభమును ఱాతిలోఁ జెక్కిన చాళుక్యశిల్పము కలదు. పట్టు అంచులను నేయు సాలెల మగ్గము కలదు. ఉద్యానమును వర్ణించిన ప్రబంధము కలదు. పూలకును పండ్లకును గొఱఁత లేదు. చిరకాలము లేకుండినది తైలచిత్రము. ఉన్నవానిని చక్కఁగాఁ బరిశీలించినచో లేనిదానికిఁ గారణము తెలియవచ్చును.

1. వస్తువు

పండును నిజమైన పండువలె వ్రాయుట మిక్కిలి ప్రాచీనమైన ముచ్చట. క్రీ.శ. 79లో మరణించిన రోమకపండితుఁడు ప్లీనీ తన ప్రకృతిచరిత్రమున నొక గ్రీకుకథను జెప్పినాఁడు. జ్యూక్సిసు అను చిత్రకారుఁడు వ్రాసిన ద్రాక్షగుత్తులను నిజమైనవిగా భ్రమించి పక్షులు వ్రాలెనఁట. అంతట నతఁడు తన ప్రతిస్పర్ధియగు పర్హాసియసు చిత్రమునకు ముందున్న తెరను దొలఁగింపుమనఁగా, ఆ తెరయే చిత్రమని తేలెనఁట. పక్షులను మోసగించినవాఁడు తానును, చిత్రకారునే మోసగించినవాఁ డాతఁడును గాన జ్యూక్సిసు ఓటమి నొప్పుకొనెను.

కథ ప్రాచీనమైనను, పుష్పఫలములు చిత్రమునకుఁ బ్రధానవస్తువులగుట యూరపులోఁ గూడ నాలస్యముగా జరిగినది. 16వ శతాబ్ది చివర ఇటలీలో కారవజ్జియో వ్రాసిన పండ్లబుట్ట నేఁటికిని మిలాను నగరమున నున్నది. అందలి ఆపిలుపండునకుఁ బురుగుతొలుపు కలదు. ద్రాక్షాకులు ఎండి ముడుచుకొని యున్నవి. 17వ శతాబ్దిలో హాలెండు దేశస్థులు ఈ పద్ధతిని వృద్ధిచేసి, దానికిఁ గదలక యుండు వస్తువుల చిత్రమను నర్థమిచ్చు పేరు పెట్టిరి. రాకెలు రయిషు (1664-1750), యాను వాను హోయిసుము (1682-1749) అనువారు పుష్పచిత్రములందుఁ బ్రసిద్ధులు. వాను హోయిసుము చిత్రమొకదానిపై 1736, 1737 అను రెండేండ్లు వేయఁబడియున్నవి. వేర్వేఱు ఋతువులలోఁ బూయు పూల నొక్క కూజాలో వ్రాయఁదలఁచినవాఁడు ఒక్కొక్క పువ్వు పూయుకాలమునకై వేచియుండవలెను గదా. కూజా కల్పితము, పువ్వు మాత్రము ప్రత్యక్షము. ఈ చిత్రణకుఁ బ్రాణ మిదియే. దేవతకు గాని, స్త్రీకి గాని, కథకు గాని యంగముగాక, వాడిపోవు పువ్వొకటి తానుగాఁ జూడఁబడుటయే యిందలి విశేషము.

2. ఆలంపురపుఁ బూర్ణఘటము

గద్వాల జిల్లాలో తుంగభద్రాతీరముననున్న ఆలంపురమందలి నవబ్రహ్మాలయములు బాదామిచాళుక్యుల కాలమున, 7, 8 శతాబ్దులలోఁ గట్టఁబడినవి. వానియందలి స్తంభములమీఁద పూర్ణఘటము పలుమాఱు కనఁబడును. ఉబ్బిన కడుపుగల కుండ, దాని నోటినుండి పొంగి నలువైపులకు జాఱు ఆకులు, తీవెలు, మొగ్గలు. వస్తువును మాత్రమే చూచినచో నిది పూలకూజాయే. హాలెండువారి చిత్రములకు దాదాపు వేయేండ్ల పూర్వమే పూలకుండను స్తంభమునకు శిరోభూషణముగా నిలిపిన శిల్పి యీ దేశమున నుండెను.

అయినను రెండింటికిని భేదము స్పష్టము. పూర్ణఘటమునకు రెండు పనులు కలవు. ఒకటి మంగళము, నిండిన కుండ సమృద్ధికి గుఱుతు. రెండవది వాస్తువునకు సంబంధించినది. గుండ్రని కుండకును, దానిపై నుండు చదరపుఁ బలకకును నడుమ నాలుగు మూలలు ఖాళీగా మిగులును. జాఱెడి యాకులగుత్తు లా మూలలను నింపి, గుండ్రమును చదరముతోఁ గలుపును. కావున ఆకు తన బరువునుబట్టి వ్రాలదు. మూల యెక్కడ నున్నదో యక్కడికే వ్రాలును. అది యెన్నఁడును వాడదు. దాని వెలుఁగునీడలు ఆలయములోనికి వచ్చు వెలుఁగువలనఁ గలుగునవే కాని శిల్పి వ్రాసినవి కావు. పువ్విక్కడఁ గొలువులో నున్నది.

3. మానసోల్లాసము చెప్పు పోలిక

పోలిక పట్టుట యీ దేశమునఁ దెలియదను మాటకు కల్యాణిచాళుక్యచక్రవర్తి మూఁడవ సోమేశ్వరుని గ్రంథమే తగిన యుత్తరము. క్రీ.శ. 1126 మొదలు 1138 వఱకు రాజ్యమేలిన యాతఁడు అభిలషితార్థచింతామణి యనునట్టియు, మానసోల్లాసమనునట్టియుఁ బేళ్ళు గల విజ్ఞానసర్వస్వమును సంస్కృతమున రచించెను. పాలమూరుసీమకు ఈ గ్రంథము దూరపుది కాదు. ఈ ప్రాంతములు ఆ చక్రవర్తుల యేలుబడిలోనివి. సోమేశ్వరుని సోదరుఁడగు కుమారతైలపుఁడు కందూరునాటిని బాలించినట్లు శాసనములు తెల్పుచున్నవి.

సోమేశ్వరుఁడు చిత్రములను విభజించుచు, అద్దమునఁ బ్రతిబింబమువలె సాదృశ్యము గలదానిని విద్ధచిత్రమనియు, ఊహచే నాకారమాత్రముగా వ్రాసినదానిని అవిద్ధచిత్రమనియుఁ బేర్కొనెను. రసచిత్రమును, ధూళిచిత్రమును వేఱుగాఁ జెప్పెను. ఇంటిముంగిట ముగ్గు వేయు స్త్రీ ధూళిచిత్రమునకు నేఁటికిని వారసురాలు. విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము వర్తన మనుపేర నీడదీర్చు విధములను మూఁడింటిని జెప్పినది: ఆకుఈనెలవంటి గీఁతలతో, పలుచని పూఁతతో, చుక్కలతో. కాఁబట్టి యథార్థచిత్రణమను భావము గాని, ఉబ్బెత్తును జూపు నేర్పు గాని యీ దేశమునకు విదేశములనుండి రావలసినవి కావు.

అయితే యా గ్రంథములలో సాదృశ్యము ముఖ్యముగా దేవమానుషరూపములకై చెప్పఁబడినది. పువ్వునకును బండునకును గలిగినది తోడుగానుండు స్థానమే. సాదృశ్యశాస్త్రము కలదు, పుష్పఫలములను దానికిఁ బ్రధానలక్ష్యముగాఁ జేయు సందర్భము లేదు.

4. సాధనము

ఇఁక నూనెను గూర్చి. నూనెలన్నియు రంగునకుఁ బనికిరావు. కొబ్బరినూనె, వేరుసెనగనూనె యెంతకాలమైనను జిడ్డుగానే యుండును. అవిసెనూనె, అక్రోటునూనె, గసగసాలనూనె మాత్రము గాలిలోని ప్రాణవాయువును గ్రహించి క్రమముగా గట్టిపడి, పారదర్శకమైన పొరగా మాఱును. నూనెరంగు ఆఱుట యనఁగా తడి యావిరియగుట కాదు. నూనెయే వేఱుపదార్థముగాఁ బరిణమించుట. ఇందుకు దినములు పట్టును. ఆ యాలస్యమే చిత్రకారునకు లాభము. తడిరంగును తడిరంగుతోఁ గలిపి, పండుయొక్క వెలుఁగువైపును నీడవైపును సందులేకుండ నతుకవచ్చును. జిగురురంగు వెంటనే ఆఱును గాన అట్టి యతుకును గీఁతలచేతనో చుక్కలచేతనో సాధింపవలసియుండెను. వర్తనము మూఁడువిధములగుటకు నిదియు నొక కారణమని యూహింపవచ్చును.

తైలవర్ణమును 15వ శతాబ్దిలో యాను వాను ఐకు కనిపెట్టెనని వసారి 1550లో వ్రాసిన మాట చాలకాలము చెల్లుబడి యయ్యెను. అది సరికాదు. 12వ శతాబ్దివాఁడగు థియోఫిలసు అవిసెనూనెతో రంగులు నూఱుటను వర్ణించుచు, అది యాఱుట కాలస్యమగునని విసుగుకొనెను. అంతకంటెను బ్రాఁతది ఆసియాలోనే దొరకినది. అఫ్గనిస్థానమందలి బామియాను బౌద్ధగుహలలో 7వ శతాబ్ది నడుమ వ్రాయఁబడిన కుడ్యచిత్రములందు ఆఱెడి నూనెలు కలవని 2008లోఁ బ్రకటింపఁబడిన పరిశోధన తెల్పినది. ఆలంపురమున చాళుక్యుల కట్టడములు లేచుచున్న శతాబ్ది యదియే.

దక్కనునఁ జిత్రకారులకు బంధనద్రవ్యము నూనె కాదు, జిగురు. ఎనుబోతుతోలును వెన్నవలె మెత్తనగు వఱకు నుడికించి తీసిన వజ్రలేపమును సోమేశ్వరుఁడు వర్ణించెను. అవిసెయుఁ గుసుమయు దక్కనురేగళ్ళలో రబీపంటలే. కుసుమనూనెయును ఆఱు స్వభావము గలదే. గింజ కలదు, గానుగ కలదు. చిత్రకారుఁడు మాత్రము దానిని గోరలేదు. గోడపై చదునుగా నిలువవలసిన నిండురంగునకు వజ్రలేపమే తగినది. అక్కఱ లేనిచోట సాధనము పుట్టదు.

ఇందొక చిత్రమైన సంగతి కలదు. నూనె నేరుగాఁ దగిలినచో గుడ్డపోఁగులు కాలక్రమమునఁ బొడియగును. అందుచే తైలచిత్రమునకుఁ బూనుకొనువాఁడు ముందుగా గుడ్డకు జంతుచర్మపు జిగురును బూసి యాఱఁబెట్టవలెను. అనఁగా పాశ్చాత్యతైలచిత్రమునకును అడుగుపొర వజ్రలేపమువంటిదే.

5. నడుమ వచ్చిన యవకాశములు

పాశ్చాత్యతైలచిత్రకారుఁడు ఈ సీమకుఁ జేరువకు రాకపోలేదు. హాలెండులోని హార్లెము నగరవాసి కోర్నెలిసు క్లాసు హెడా 1610 ప్రాంతమున బీజాపురమునకు వచ్చి, రెండవ ఇబ్రాహీము ఆదిలుషాహి (1580-1627) కొలువునఁ జిత్రకారుఁడై, 1622లో మరణించెను. ఆ కాలమున రాయచూరు అంతర్వేది బీజాపురమువారి యేలుబడిలోనిది. గద్వాలసీమ దానికిఁ దూర్పుకొస. హార్లెము నిశ్చలవస్తుచిత్రములకుఁ బుట్టినిల్లు వంటిది. అయినను నిస్సందేహముగా నాతనివని చెప్పఁదగిన చిత్రములు దొరకలేదు. ఆ విద్య కొలువు దాఁటి సీమలోనికి దిగినట్లును గానరాదు. ఒక్కనితో వచ్చిన విద్య యొక్కనితోనే పోయినది.

యథార్థపుష్పచిత్రణమునఁ దెలుఁగువారి చేయి తిరిగినది వేఱొకమార్గమున. వైద్యుఁడగు విలియము రాక్సుబర్గు 1781 మొదలు సామర్లకోటలో నుండి, స్థానికచిత్రకారులచే మొక్కలను వ్రాయించెను. కోరమండలతీరపు మొక్కలను గూర్చి 1795 మొదలు మూఁడు సంపుటములుగా వెలువడిన యాతని గ్రంథమున 300 పటము లున్నవి. పిదప రాబర్టు వైటు (1796-1872) వద్ద రంగయ్య, గోవిందు అను నిరువురు పనిచేసిరి. వీరు తంజావూరు ప్రాంతపుఁ దెలుఁగు చిత్రకారకుటుంబములవారని పరిశోధకుల యభిప్రాయము. వైటు 1838-1853 నడుమఁ బ్రకటించిన వృక్షచిత్రసంపుటములలో 2,101 పటము లున్నవి. గోవిందుపై గౌరవముచే నొక పుష్పజాతికి ఆతనిపేరు కలిసివచ్చునట్లు నామకరణముఁ జేసెను. చిత్రకారుని పేరు శాస్త్రనామమగుట యరుదైన గౌరవము.

ఈ పటములందుఁ బువ్వు దేవతాపూజకుఁ గాదు, అలంకారమునకుఁ గాదు, తానుగాఁ జూడఁబడినది. రేకుల లెక్క, కేసరముల తీరు, కాయయొక్క కోఁత అన్నియు సరిగా నున్నవి. పోలిక పట్టలేరన్న వాదము ఇక్కడ పూర్తిగా వీఁగిపోవును. కాని పువ్వు తెల్లకాగితముపై నొంటిగా నున్నది. దానికిఁ గూజా లేదు, బల్ల లేదు, పడునీడ లేదు, చుట్టును గాలి లేదు. శాస్త్రమునకుఁ గావలసినది జాతి; ఈ పూఁటఁ బూసి రేపు వాడు నొక్క పువ్వు కాదు. నీటిరంగు దీనికిఁ జాలినది.

6. సంస్థానములు

గద్వాల, వనపర్తి, కొల్లాపురము రాజధానిగాఁగల జటప్రోలు అను సంస్థానములు విద్వత్పోషణకుఁ బేరొందినవి. జటప్రోలు ప్రభువగు సురభి మాధవరాయలు చంద్రికాపరిణయమును రచించెను. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి సంస్థానములలో సన్మానము లందిరి. 1948-49లో ఆ ప్రభుత్వము లంతరించు వఱకు ఈ కొలువులలోఁ బ్రధానకళ వాక్కు.

ప్రబంధమునకు విధింపఁబడిన పదునెనిమిది వర్ణనములలో ఋతువును ఉద్యానమును గలవు. పువ్వుయొక్క వన్నె, తావి, దానిపై వ్రాలు తుమ్మెద, పండుయొక్క నిగ్గు - వీనిని జెప్పుటకుఁ బద్యమున్నది. దృష్టిని నిలిపి పువ్వును జూచు పనిని తక్కినచోట్లఁ జిత్రము చేసినట్లు, ఇచ్చటఁ బద్యము చేసెను. అయితే కవిసమయము వేఱు, ప్రత్యక్షము వేఱు. సంపెఁగకుఁ దుమ్మెద పోదనుట కవిసమయము. తోఁటలోనికిఁ బోయి చూడనక్కఱలేదు. తైలచిత్రకారుఁడు పోయి చూడవలెను.

గద్వాలమగ్గము సంగతియు నిట్టిదే. నూలుచీరకుఁ బట్టు అంచును విడిగా నేసి, కుప్పడము పద్ధతిని పోఁగునకుఁ బోఁగుగా నతుకు నేర్పు వారిది. అంచున మామిడిపిందె యొకటి యెక్కినచో, అది లెక్కతో నెక్కును. ఇన్ని పోఁగులకు నొక వంపు. ఎన్నిమాఱులు వచ్చినను అదే పిందె. చెట్టుననుండు రెండుపిందె లెన్నఁడు నొక్కతీరున నుండవు.

బతుకమ్మయందు మాత్రము నిజమైన పూలే. తంగేడు, గునుగు మున్నగు పూలను పళ్ళెమున వరుసపై వరుసగాఁ బేర్చి, పాడి, నీట విడుతురు. వాడకముందే సాగనంపుట యిందలి మర్యాద. పుష్పము క్షణికమని యెఱిఁగియు దానిని నిలుపఁగోరని సంస్కార మిది; నిలుపఁగోరునది తైలచిత్రము.

7. తైలచిత్రము వచ్చుట

తెలుఁగుపేళ్ళు గల చిత్రకారులు తైలవర్ణమును జేపట్టినది మొదట దక్షిణమున. మధురనుండి తిరువాన్కూరు కొలువునకు వచ్చిన అళగిరినాయఁడును, అటుపిమ్మట రామస్వామినాయఁడును ఆ విద్యలోఁ బ్రసిద్ధులు. రాజా రవివర్మ (1848-1906) బాల్యమున నేర్పుమని కోరఁగా రామస్వామినాయఁడు నిరాకరించెనని ప్రసిద్ధి. విద్య గోప్యముగా నుండినంతకాలము వ్యాపింపలేదు. 1850లో మదరాసునను, 1857లో బొంబాయినిఁ గళాశాలలు వెలసిన తరువాత, ఎదుట వస్తువునుంచి వ్రాయుట పాఠమైనది. కుండ, పండు, గుడ్డమడత - శిష్యుని కంటికి మొదటి పరీక్షలు.

20వ శతాబ్ది మొదట జాతీయభావముచే నీటిరంగులవైపు మొగ్గు కలిగినది. బొంబాయిలోఁ జదివిన దామెర్ల రామారావు (1897-1925) ప్రధానముగా నీటిరంగులలోనే కీర్తి గడించెను. తెలంగాణమునఁ గరీంనగరము ప్రాంతపు అన్నారమున జన్మించిన పాకాల తిరుమలరెడ్డి (1915-1996) బొంబాయిలోఁ జదివి తైలవర్ణములందుఁ బ్రతిష్ఠ నార్జించెను. 1940లో హైదరాబాదునఁ గళాశాల యేర్పడుటతో పాలమూరువంటి సీమల విద్యార్థులకు ఈ విద్య చేరువయైనది.

8. చేయు విధము

పండితులు శాస్త్రమునకుఁ బ్రయోగము నడుగుదురు గాన, కొల్లాపురపు మామిడి, బాలానగరపు సీతాఫలము, ఒక తంగేటిరెమ్మ అను మూఁటినిఁ గైకొని ప్రయోగక్రమమును జూచుట యుచితము. మామిడి వేసవిది, సీతాఫలము శరత్తుది. రెండును నొక్క చిత్రమునఁ గావలెనన్నచో వాను హోయిసుమువలె వేచియుండవలసినదే.

వెలుఁగు ఒక్కవైపునుండియే రావలెను. యూరపుగ్రంథములు ఉత్తరపుకిటికీని విధించును; అచ్చట నెండ ఉత్తరమునుండి రాదు. ఈ సీమ 16 డిగ్రీల యక్షాంశమున నున్నది గావున మే మొదటి వారమునుండి ఆగస్టు మొదటి వారము దాఁక మధ్యాహ్నసూర్యుఁడు నడినెత్తికి ఉత్తరముగా నుండును. సరిగా మామిడిపండ్ల కాలముననే ఆ నియమము తప్పును. గ్రంథమును బట్టి కాక ఆకాశమును బట్టి కిటికీని మూయవలెను, తెఱవవలెను.

జిగురుపూసి తెల్లపూఁత వేసిన గుడ్డపై వస్తువుల స్థానములను గుర్తించి, గోధుమవన్నె మట్టిరంగును టర్పెంటైనుతోఁ బలుచన చేసి వెలుఁగునీడలను మొదట విభజింపవలెను. తరువాతి పొరలలోఁ గ్రమముగా నూనె హెచ్చవలెను. పైపొర త్వరగా నాఱి క్రిందిపొర తరువాత నాఱినచో చిత్రము బీఁటలువాఱును. పువ్వును ముందు వ్రాసి పండును తరువాత వ్రాయుట నియమము. తంగేడు పూఁటలో వాడును, పండు దినములు నిలుచును. పువ్వునందును రేకులను లెక్కించుటకు ముందు గుత్తియంతటిని నొక్క ముద్దగాఁ జూచి, వెలుఁగుభాగమును నీడభాగమును నిర్ణయింపవలెను.

పసుపువన్నె నీడను దీర్చుట కష్టము. పసుపున నలుపు కలిపినచో నది యాకుపచ్చయగును. కావున తంగేటినీడకుఁ గావిమన్నునో, ఊదానో చేర్తురు. మామిడిపండునకు నీడ అంచునఁ గాక, అంచునకుఁ గొంచె మీవల గాఢముగా నుండును. ఏలయన క్రిందిగుడ్డ వెలుఁగు తిరిగి పండు అంచునకుఁ దగులును. సీతాఫలము నిజమైన పరీక్ష. దాని యొక్కొక్క కన్ను నొక చిన్నగోళము. ఒక్కొక్కదానికిఁ దన వెలుఁగు, తన నీడ కలవు. అన్నింటిని సమముగా వ్రాసినచో పండు చదునగును. వెలుఁగువైపు కన్నులను స్పష్టముగాను, నీడవైపువానిని సూచనగాను వ్రాసినఁగాని పెద్దగోళము నిలువదు. తళుకుచుక్కను కడపట నొక్కమాఱే పెట్టవలెను.

9. నిర్ణయము

ఇంతవఱకుఁ జెప్పినదానివలనఁ దేలినది యిది. పూలకుండ యీ దేశమునకుఁ బ్రాఁతది, ఆలంపురము సాక్షి. సాదృశ్యభావము ప్రాఁతది, మానసోల్లాసము సాక్షి. చూచినది చూచినట్లు వ్రాయు చేతినేర్పు కలదు. రంగయ్య, గోవిందుల పటములు సాక్షి. నూనెగింజలును గలవు. క్రొత్తగా వచ్చినవి రెండు: ఆఱెడి నూనెలో రంగు నూఱు పద్ధతి యొకటి, పువ్వునకును బండునకును ఏ కొలువును లేకుండ, ఒక గదిలో, ఒక వెలుఁగులో, ఒకపూఁట చూపునకుఁ బాత్రత నిచ్చుట రెండవది. మొదటిదానికంటె రెండవదే పెద్దమార్పు. కనుక ఇది పూర్తిగాఁ బరాయిసొత్తనుటయు, పూర్తిగాఁ దన సొత్తనుటయు నొకటే తప్పునకు రెండు ముఖములు.

ఈ సీమలందు జరుగవలసిన పనియుఁ గలదు. సాలెలు పూఁదీవెలకుఁ బెట్టుకొన్న పేళ్ళు, కుడ్యచిత్రకారుల రంగులపేళ్ళు, ముగ్గులందలి పువ్వులపేళ్ళు పెద్దలనోటనే యున్నవి. వానిని వ్రాఁతలోనికి నెక్కించుట పండితుల పని. పాఠశాలలలోఁ జిత్రలేఖనమును నేర్పువారు అచ్చుపుస్తకమందలి ఆపిలుపండును మాని, బల్లమీఁద నొక సీతాఫలమును బెట్టుట మేలు. దానిని దిద్దుటకు మాతృక యుండదు, కన్నే ప్రమాణము.